ఖాళీ బరువు

తెల్లవారుజాము. ఖరగ్‌పూర్‌లో నింపురా యార్డు వైపు నుంచి వాగన్లు ఒకదానికొకటి తగులుకుంటున్న చప్పుడు గొలుసుకట్టుగా వచ్చి, ఎక్కడో దూరంగా ఆగింది. అది ఆగాక వినిపిస్తోంది మావయ్య ఊపిరి. ఆయన పడుకుని లేడు. గోడకి మూడు దిళ్ళు ఆనించి, వాటికి చేరగిలబడి, గడ్డం గుండె మీదకి వాల్చి, రాత్రంతా కూర్చునే గడిపాడు. పీల్చిన ప్రతి గాలీ చివర్లో సన్నగా చిటపటమంటోంది, తడి కట్టె అంటుకునేటప్పటిలాగ.

గుమ్మంలోంచి అత్త నా వైపు చూసి మూడు వేళ్ళు చూపించింది. దిళ్ళ లెక్క. మావయ్య ఒంట్లో నీరు ఎంతుందో చెప్పడానికి ఈ ఇంట్లో వాడే కొలతల్లో అదొకటి. ఒక దిండుతో నిద్ర పడితే బాగున్నట్టు. రెండైతే గమనించాలి. మూడైతే నీరెక్కువైనట్టే. నాలుగోది అడిగినా, నిద్రలోంచి ఉక్కిరిబిక్కిరవుతూ లేచి కిటికీ దగ్గరికి పరుగెత్తినా, గులాబీరంగు నురగలాంటి కఫం పడినా ఇక డయాలసిస్ రోజు కోసం చూడకూడదు, అప్పటికప్పుడు బండి పిలవాలి. అలా పిలిచిన రాత్రి ఒకటుంది ఈ ఇంటికి. ఆ సంగతి ఎవరూ ఎత్తరు.

ఇంట్లో ఉన్నవి నాలుగు దిళ్ళు. మూడు ఆయన దగ్గర, ఒకటి అత్త దగ్గర. పలాసలో ఎక్కి, రాత్రి ఇక్కడ రైలు దిగి వచ్చిన నాకు మడతపెట్టిన తువ్వాలే తలగడ. మెడ పట్టేసింది. ఎవరితో చెప్పుకోను?

"లెగండి. ఒంటికెళ్ళొచ్చి కాటా ఎక్కుదురు గాని," అంది అత్త.

కాటా అంటే స్నానాలగది గుమ్మం పక్కన గచ్చు మీద పెట్టిన తూకం మిషను. చాప మీద పెడితే తప్పు చూపిస్తుందని అత్తకి తెలుసు. రోజూ అదే చోటు, అదే వేళ, అదే లుంగీ, అదే బనియను, టీ చుక్క గొంతులో పడకముందు. మావయ్య గోడ పట్టుకుని ఎక్కి నిలబడ్డాడు. అంకెలు అటూ ఇటూ ఊగి, 61.1 దగ్గర నిలిచాయి.

అత్త ఏమీ అనలేదు. వంటింటి తలుపు వెనక వేలాడుతున్న వెంకట్రామా వారి కాలెండరు దగ్గరికి వెళ్ళి, చెవి మీద దోపుకున్న పెన్సిలు తీసి, మంగళవారం గడిలో, తిథి నక్షత్రాల కింద మిగిలిన తెల్లటి చోట రాసింది. నేను వెనకనుంచి తొంగి చూశాను. శుక్రవారం డయాలసిస్ అయ్యాక 58.0. శనివారం 58.6. ఆదివారం 59.2. సోమవారం 60.6. ఇవాళ 61.1.

మిగతా రోజులన్నీ మెట్టు మెట్టుగా ఉన్నాయి. ఆదివారం పొద్దుటికీ సోమవారం పొద్దుటికీ మధ్యన మాత్రం ఒక్క గెంతు. కిలో నాలుగు వందల గ్రాములు. ఒక రోజులో మనిషికి అంత కొవ్వు పట్టదు, అంత కండ పెరగదు. లీటరు నీరు కిలో తూగుతుంది కాబట్టి అది లీటరున్నర నీరుకి దగ్గరగా ఉన్న మాట. ఆదివారం ఏదో జరిగింది. అత్త ఆ రోజు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పేరంటానికి మలంచా వెళ్ళింది. కాలెండరు వైపు చూడకుండా మావయ్య పళ్ళు తోముకోడానికి వెళ్ళిపోయాడు.

కాలెండరు పైన, నెల పేరు పక్కన, ఎర్రసిరాతో సున్నా చుట్టిన అంకె ఒకటుంది: 58. ఏ నెల కాగితం తిప్పినా అత్త దాన్ని మళ్ళీ రాసి మళ్ళీ సున్నా చుడుతుంది.

ఆ అంకె కథ మావయ్య నోటనే వినాలి. ఆయన ఖరగ్‌పూర్ రైల్వే కార్ఖానాలో వాగన్ల దగ్గర ఫిట్టరుగా చేసి దిగిపోయినవాడు. డయాలసిస్ మొదలైన కొత్తల్లో డాక్టరు "డ్రై వెయిట్, డ్రై వెయిట్" అంటుంటే ఇద్దరికీ బుర్రకెక్కలేదట. ఎండబెట్టి తూస్తారేమో అనుకున్నారట. ఒకరోజు మంచం మీద పడుకుని ఉండగా తట్టిందాయనకి. "అల్లుడూ, టేరు రా బాబూ అది! వాగన్ ఒంటి మీద తెల్ల పెయింటుతో రాస్తామే, ఖాళీ బరువు! బాక్స్-ఎన్ వాగన్ ఉంది. ఖాళీగా ఇరవై రెండున్నర టన్నులు. లోడుతో ఎనభై ఒకటి. ఖాళీ బరువు తెలియకపోతే అందులో బొగ్గు ఎంతుందో ఎలా సెప్తావు? నా ఒంట్లో నీరు ఎంతుందో కూడా అంతే."

ఇంతకంటే బాగా ఏ డాక్టరూ నాకు చెప్పలేదు. వాపు లేకుండా, రక్తపోటు మందులతో అదుపులో ఉండి, ఒక్క దిండుతో ఊపిరాడుతూ, కళ్ళు తిరగకుండా, పిక్కలు పట్టకుండా ఉండే బరువు ఏదో అదే ఆ మనిషి ఖాళీ బరువు. దానిమీద ఎంత పెరిగితే అంతా నీరే. ఒకసారికీ ఒకసారికీ మధ్య ఆ పెరుగుదల ఖాళీ బరువులో నూటికి నాలుగు, నాలుగున్నర పాళ్ళు దాటకూడదంటారు. మావయ్యకి అది రెండున్నర కిలోల లోపు. ఇవాళ మూడు కిలోలు దాటింది.

టీ రాకముందే రెండో కొలత. మావయ్య కుర్చీలో కూర్చుని లుంగీ మోకాళ్ళ దాకా లాగాడు. అత్త నేల మీద గొంతుక్కూర్చుని, చీలమండకి కాస్త పైన, కాలి ఎముక మీద బొటనవేలు పెట్టి నొక్కింది. గట్టిగా కాదు, కానీ వదలకుండా. మనసులో అయిదంకెలు లెక్కపెట్టి వేలు తీసింది. వేలు పోయినా వేలి గుంట పోలేదు. పూరీపిండి ముద్ద మీద పడ్డ గుంటలాగ, అంచులు నున్నగా, లోపల తెల్లగా అలాగే నిలబడింది. ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. అది పూడేసరికి అత్త ఇరవై లెక్కపెట్టింది. రెండో కాలు. అక్కడా అంతే.

"రెండు కాళ్ళూ ఒకేలాగుంటే కిడ్నీ నీరు," అంది అత్త నా మొహం చూసి. "ఒక్క కాలే వాచి, నొప్పెట్టి, వేడిగా ఉంటే అది వేరే. రక్తం గడ్డకట్టిందేమోనని చూపించాలి."

నీరు పల్లమెరుగు. పగలంతా నిలబడ్డవాడికి చీలమండల్లోకి దిగుతుంది. సాయంత్రానికి చెప్పు బిగుతవుతుంది, మేజోడు పట్టీ కాలి మీద గాడి పెడుతుంది. మంచాన పడ్డవాడికి కాళ్ళు మామూలుగానే ఉంటాయి, నడుము కింద వీపు నొక్కి చూస్తే గుంట పడుతుంది. రాత్రంతా పడుకుని లేచినవాడికి కళ్ళ కింద ఉబ్బుతుంది.

మావయ్య విషయంలో మొదట కనపడింది అదే, కళ్ళ కింద ఉబ్బు. అప్పటికి ఆయన ఉద్యోగంలోనే ఉన్నాడు. నిద్ర ఎక్కువైందని అత్త అనుకుంది, నిద్ర చాలలేదని ఆయన అనుకున్నాడు. కాళ్ళ వాపు నిలబడి చేసే పని వల్ల అనుకున్నారు. తర్వాత అది రక్తపోటు బిళ్ళ మీదకి వెళ్ళింది. ఆయన వాడే అమ్లోడిపిన్‌కి చీలమండలు వాచేలా చేసే గుణం ఉన్న మాట నిజమే. అందుకని ఆర్నెల్లు దాని మీదే నెట్టేశారు. నడుం నొప్పికి షాపులో అడిగి తెచ్చుకున్న నొప్పి బిళ్ళలు మాత్రం మానలేదు. ఆ బిళ్ళలు ఉప్పునీ నీటినీ ఒంట్లో పట్టి ఉంచుతాయి, నలిగిన కిడ్నీని ఇంకా నలుపుతాయి. పదిహేనేళ్ళ చక్కెర జబ్బు ఉన్నవాడికి అవి ఎవరూ ఇవ్వకూడదు. అడిగితే ఇచ్చారు. అదొక్కటే కాదు, ఒంటికి వెళ్ళినప్పుడు నురగ. సబ్బునురగలాగ పైన తేలి, రెండు చెంబులు కొట్టినా పోని నురగ. దాని సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. ఏమని చెప్తాడు?

ఆ నురగ మాంసకృత్తు. 1827లో లండన్ గైస్ హాస్పిటల్ వైద్యుడు రిచర్డ్ బ్రైట్, ఒళ్ళంతా ఉబ్బిన రోగుల గురించి రాస్తూ, వాళ్ళ మూత్రం చెంచాలో పోసి కొవ్వొత్తి మంట మీద కాస్తే గుడ్డు తెల్లసొనలా గడ్డకడుతుందని చూపించాడు. ఉబ్బుకీ కిడ్నీకీ ముడి పడింది అప్పుడే. రక్తంలో నీటిని నాళాల్లోపల ఉంచేది ఆ మాంసకృత్తే. అది జారిపోతే నీరు కండల్లోకి ఊరుతుంది. దానికి తోడు కిడ్నీ ఉప్పుని బయటికి పంపడం తగ్గిస్తుంది. ఉప్పు ఉన్నచోట నీరు ఉంటుంది. ఇది ఊరగాయ జాడీ చూసిన ఎవరికైనా తెలిసిన విషయమే.

అన్ని కిడ్నీ జబ్బులూ ఇలా వాపుతో చెప్పి రావు. నిన్న పొద్దున నేను కవిటిలో పెదనాన్న ఇంట్లో ఉన్నాను. ఉద్దానం. సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, కొబ్బరి, జీడి తోటల పచ్చదనం మధ్య ఊరికి కొన్ని ఇళ్ళలో కిడ్నీ రోగులు. పెదనాన్నకి కాలు వాచలేదు, నురగ రాలేదు, రక్తపోటు పెద్దగా లేదు. తోటపనికి వెళ్ళి వస్తూనే ఉన్నాడు. నీరసంగా ఉందని రక్తం తీయిస్తే క్రియాటినిన్ అప్పటికే చాలా ఎత్తులో ఉంది. ఉద్దానం జబ్బు తీరు అంతే. అది మూత్రంలో మాంసకృత్తుని వదిలే గదుల్ని కాకుండా వాటి చుట్టూ ఉన్న సన్నటి గొట్టాల్ని తినేస్తుంది కాబట్టి, వాపు చివర్లో గాని రాదు. శ్రీలంక వరి పొలాల్లోనూ, నికరాగువా చెరకు తోటల్లోనూ ఇలాగే కూలీల్ని పట్టుకుంటోంది. నీళ్ళా, ఎండా, మందులా అన్నది ఇంకా తేలలేదు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. పెదనాన్న అక్కడికే వెళ్తున్నాడు. కాలు వాస్తే చూద్దాం అనుకుని కూర్చోకండి అని ఉద్దానం వాళ్ళకి చెప్పాలి. కాలు వాస్తే కూర్చోకండి అని ఖరగ్‌పూర్ వాళ్ళకి చెప్పాలి. ఒకే రైలుపట్టా మీద రెండు ఊళ్ళు, రెండు హెచ్చరికలు.

వంటింట్లో అత్త నా పెసరట్టూ ఆయన పెసరట్టూ వేరువేరుగా వేస్తోంది. ఆయన పిండిలో ఉప్పు లేదు. పొయ్యి పక్కన చిన్న ప్లాస్టిక్ చెంచా ఒకటుంది, దగ్గు మందు సీసాతో వచ్చింది. మొత్తం రోజుకి మనిషికి అయిదు గ్రాముల లోపు ఉప్పే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క, అంటే టీచెంచాకి కాస్త తక్కువ. అందులో పప్పూ కూరా చారూ అన్నీ రావాలి. అత్త కూర ఉప్పు లేకుండా దింపి, ఆయన వాటా కంచంలో పడ్డాక పైన చిటికెడు జల్లుతుంది. నాలిక మీద ముందు తగిలేది పైనున్న ఉప్పే కాబట్టి తక్కువతో సరిపోతుంది. మిగతా లోటు ఇంగువ, వెల్లుల్లి, మిరియం, నిమ్మచెక్క పూడుస్తాయి. రక్తపోటుకి మంచిదని ఎవరో తెచ్చిచ్చిన తక్కువ సోడియం ఉప్పు పొట్లాం విప్పకుండానే తిరిగిచ్చేసింది. అందులో సోడియం బదులు కలిపేది పొటాషియం. కిడ్నీ పనిచేయనివాడికి అది గుండెని ఆపగలదు.

కిటికీలో లీటరు నీళ్ళ సీసా. దానికి 800 దగ్గర నల్లదారం కట్టి ఉంది. నిన్న రోజంతా వచ్చిన మూత్రం 300 మిల్లీలీటర్లు, దానికి అయిదొందలు కలిపితే ఇవాళ తాగగలిగినది. పొద్దున ఆ గీత దాకా నింపుతుంది. టీ ఇస్తే టీ అంత నీరు సీసాలోంచి ఒంపేస్తుంది. చారు పోస్తే చారంత. మజ్జిగ, కొబ్బరినీళ్ళు, పుచ్చకాయ, మందు బిళ్ళ మింగే గుక్క, అన్నీ ఆ సీసాలోంచే పోవాలి. సాయంత్రానికి సీసా ఖాళీ అయితే మావయ్య కిటికీ దగ్గరికి వచ్చి అందులోకి తొంగి చూసి వెళ్తాడు. ఆ చూపు చూడలేకపోయాను నేను.

"దాహం నీళ్ళు తాగితే తీరదు అల్లుడూ," అన్నాడు, పెసరట్టు తుంచుతూ. "ఉప్పు మానితే తీరతాది. ఇది తెలుసుకోడానికి నాకు రెండేళ్ళు పట్టింది."

ఆయన అన్నది సరైన మాట. రక్తంలో ఉప్పు చిక్కబడితే మెదడు నీళ్ళు తెమ్మంటుంది, ఎంత తెచ్చినా సరే. ఒంట్లో ఒక లీటరు నీరు నిలవాలంటే దాంతో సుమారు తొమ్మిది గ్రాముల ఉప్పు ఉండాలి, సెలైన్ సీసాలో ఉన్నంత. ఉప్పు లోపలికి పోనివ్వకుండా నీళ్ళు కట్టేసేవాడు సులువుగా నెగ్గుతాడు. ఉప్పు తింటూ నీళ్ళు కట్టేసేవాడు పగలంతా నరకం చూసి, రాత్రి ఎవరూ చూడకుండా కుండ దగ్గరికి వెళ్తాడు.

ఈ మాట తెలియక ఎన్ని సలహాలు! కిడ్నీ కడుక్కుపోవాలి, బిందెలు బిందెలు నీళ్ళు తాగమన్నారు ఒకళ్ళు. రాళ్ళున్నవాడికి చెప్పాల్సిన మాట అది. కాళ్ళ వాపుకి బార్లీ నీళ్ళు పట్టమన్నారు. నీరు దింపడానికి నీరు పోయడం! గలిజేరాకు కషాయం తెచ్చారు. అత్త మొదట్లో అన్నీ చేసింది. ఆ రోజుల్లో డాక్టరు ఇచ్చిన లాసిక్స్ బిళ్ళ మాత్రం మావయ్య తరచూ ఎగ్గొట్టేవాడు. వేసుకున్న గంటకల్లా రెండుమూడుసార్లు ఒంటికి పరుగెత్తాలి, పని చేసే చోటు నుంచి అది దూరం. అందుకని ఇంటికొచ్చాక సాయంత్రం వేసుకుని రాత్రంతా మేలుకునేవాడు. పొద్దున్నే వేసుకోవలసిన బిళ్ళ అది. ఇప్పుడు కూడా వేసుకుంటున్నాడు, ఆ 300 మిల్లీలీటర్లు నిలబెట్టుకోవడం కోసం. డయాలసిస్ మీద ఉన్నవాడికి ఆ కాస్త మూత్రమూ ఆస్తే.

ఏడున్నరకి మా ముగ్గురి కోసం టోటో, అంటే బ్యాటరీ రిక్షా, వచ్చింది. మావయ్య ముందు ఎక్కి కూర్చుని, ఊపిరి తీసుకుని, తర్వాత కాళ్ళు లోపల పెట్టుకున్నాడు. రోడ్డు పొడుగునా తెలుగు బోర్డులు, బెంగాలీ బోర్డులు, హిందీ బోర్డులు. రామాలయం గోపురం, దాని ఎదురుగా మరమరాల ముఢీ మూకుళ్ళు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఇక్కడ జంక్షను వేసి, కార్ఖానా కట్టి, పట్టాల వెంట మన్యం అంచుల నుంచీ, గంజాం, విశాఖ జిల్లాల నుంచీ మనవాళ్ళని దింపింది. మావయ్య తాత ఆ దిగినవాళ్ళలో ఒకడు. ఆ కంపెనీ కార్మికుల సంఘంలోనే వి.వి.గిరి పనిచేశారు. తర్వాత రాష్ట్రపతి అయ్యారు. 2020 డిసెంబరులో బెంగాల్ మంత్రివర్గం తెలుగుకి అధికార భాష గుర్తింపు కూడా ఇచ్చింది. అయితే మావయ్య చేతిలో ఉన్న ఫైలంతా ఇంగ్లీషే. ఆ ఇంట్లో ఆయన జబ్బు తెలుగులో ఉన్నది ఆ కాలెండరు మీదే.

స్టేషను కనపడగానే ఆయన వేలు చూపించాడు. "ఇక్కడే తెలిసింది నాకు." వెయ్యి డెబ్భై రెండు మీటర్ల ప్లాట్‌ఫారం. 2013లో గోరఖ్‌పూర్‌ది వచ్చేదాకా ప్రపంచంలో అన్నిటికంటే పొడుగుదని ఊరంతా చెప్పుకునేది. ఇప్పటికీ చెప్పుకుంటుంది. రిటైరయ్యాక మావయ్య రోజూ సాయంత్రం ఈ చివర నుంచి ఆ చివరికి నడిచేవాడు. ఒక నెల మధ్యలో టీ దుకాణం దగ్గర కూర్చోవలసి వచ్చింది. తర్వాతి నెల అంతకంటే ముందున్న బల్ల దగ్గర. ఆపైన మెట్లు దిగగానే ఉన్న మొదటి బల్ల. ఏ బల్ల దగ్గర ఊపిరి ఆగుతోందో చూసుకుంటే చాలు, ఎక్స్‌రే అక్కర్లేదంటాడు. కావాలి లెండి, ఎక్స్‌రే కూడా.

డయాలసిస్ హాలు చల్లగా ఉంది. వరసగా మంచాలు, పక్కన ఎత్తైన మిషన్లు, గుండ్రంగా తిరిగే పంపులు. ఒక మంచం మీద ఒడియా, ఒక మంచం మీద హిందీ. మూలనున్నామె తెలుగులో ఫోనులో కోడల్ని తిడుతోంది. టెక్నీషియను బెంగాలీ కుర్రాడు.

"కాకూ, ఓజోన్ కొతో?"

"ఏకషొట్టి," అన్నాడు మావయ్య, పాయింట్ ఒకటి మింగేసి. కుర్రాడు నవ్వి, కాటా ఎక్కమన్నాడు.

ఎడమచేతి మీద ఫిస్టులా. సిరనీ ధమనినీ కలిపి కుట్టిన చోట తాడులా ఉబ్బి ఉంది. మావయ్య నా చెయ్యి పట్టుకుని దానిమీద పెట్టాడు. లోపల సన్నగా, ఎడతెగకుండా అదురుతోంది. చిన్నప్పుడు పట్టా మీద చెవి పెట్టి రైలు వస్తోందా అని వినేవాళ్ళం, అచ్చం అలాగే. "రోజూ పొద్దున ఇలాగ సూసుకోవాలి. అదురు లేదంటే లైన్ మూసుకుపోయినట్టే, ఎంటనే రావాలి," అన్నాడు. సూదులు గుచ్చుతుంటే తల అటు తిప్పుకున్నాడు. నాలుగో ఏడాదిలో కూడా తిప్పుకుంటాడట.

కుర్రాడు లెక్క వేశాడు. పెరిగింది మూడు కిలోల వంద. చివర్లో గొట్టాల్లోని రక్తాన్ని తిరిగి ఒంట్లోకి నెట్టేటప్పుడు మూడొందల సెలైన్ కూడా లోపలికి పోతుంది, అదీ ముందే కలపాలి. మొత్తం 3400. మామూలుగా నాలుగు గంటలు. యాభై ఎనిమిది కిలోల మనిషి నుంచి గంటకి కిలోకి పదమూడు మిల్లీలీటర్లకి మించి లాగకూడదు, లాగితే గుండె మీద దెబ్బ. ఆ లెక్కన నాలుగు గంటల్లో మూడు లీటర్లే వస్తుంది. "అరగంట ఎక్కువ, కాకూ." మావయ్య మొహం మాడ్చుకున్నాడు. ఆ అరగంట ఆదివారం నాటి అరగంట అని ఆయనకి తెలుసు.

రెండో గంటలో బయటపడింది. నా వైపు తిరిగి, అత్త వినకుండా, "నెత్తళ్ళు రా," అన్నాడు.

శనివారం మా ఊరి నుంచి వచ్చినవాళ్ళ చేత ఎండు నెత్తళ్ళ పొట్లం పంపింది ఎవరో కాదు, మా అమ్మ. అన్నగారికి ఇష్టమని. అత్త పేరంటానికి వెళ్ళగానే ఆయన వంకాయ కోసి, నెత్తళ్ళు వేసి, పులుసు పెట్టుకుని తిన్నాడు. మూడుసార్లు కడిగానని చెప్తున్నాడు. ఉప్పులో ఊరబెట్టి ఎండబెట్టిన చేపని మూడుసార్లు కాదు, ముప్పైసార్లు కడిగినా లోపలి ఉప్పు పూర్తిగా పోదు. పొట్లం అడుగున ఆవకాయ సీసా కూడా ఉందట. దాని ఆచూకీ చెప్పలేదు. అమ్మకి ఫోను చేద్దామనుకుని మానేశాను. బాధపడుతుంది. వచ్చే నెల మళ్ళీ పంపుతుంది.

మూడో గంట దాటాక ఒక్కసారి మావయ్య కాలు కొయ్యబారింది. పిక్క రాయిలా ముడుచుకుంది. అరుపు బయటికి రానివ్వకుండా దుప్పటి కొరికాడు. నేను పాదం పట్టుకుని పైకి వంచాను, కుర్రాడు పరుగెత్తుకొచ్చి లాగడం తగ్గించి, కాస్త సెలైన్ వదిలాడు. మిషను నీరు తీసేది రక్తంలోంచి మాత్రమే. కాళ్ళల్లో, వీపులో చేరిన నీరు మెల్లగా ఊరి రక్తంలోకి రావాలి. ఊట కంటే వేగంగా తోడితే ఏ నూతిలోనైనా అడుగు కనపడుతుంది. అడుగు కనపడ్డప్పుడు రక్తపోటు పడిపోతుంది, పిక్కలు పడతాయి. రెండు మూడు నిమిషాలకి ముడి వదిలింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి ఆయనకి. ఆ నీళ్ళు ఏ సీసా లెక్కలోకీ రావు.

సూదులు తీశాక కాటా మీద 58.1. మావయ్య గెలిచినవాడిలాగ నా వైపు చూశాడు. రౌండుకి వచ్చిన డాక్టరమ్మ కాగితం చూసింది, రక్తపోటు చూసింది. పై అంకె ఇంకా 160. ఏమీ అనకుండా వంగి, పొద్దున అత్త పెట్టిన చోటే వేలు పెట్టి నొక్కింది. గుంట పడింది. పొద్దుటంత లోతు కాదు, కానీ పడింది.

"అంకుల్, బెల్టు ఎన్నో రంధ్రానికి పెడుతున్నారు?"

మావయ్య కిందికి చూసుకున్నాడు. రంధ్రాలు చాలక మేకుతో కొత్తది పొడిచి ఉంది.

డాక్టరమ్మ హిందీలో, నెమ్మదిగా చెప్పింది. ఆకలి తగ్గి, మాంసకృత్తు తినడం తగ్గి, ఈ నాలుగు నెలల్లో ఒంట్లో కండ పోయింది. కండ పోయినచోట నీరు చేరింది. కాటాకి రెండూ ఒకటే, అది కండనీ నీటినీ వేరుచేసి చూపించలేదు. అందుకే 58 అని చూపిస్తున్నా, అందులో ఇప్పుడు ఒక కిలో నీరు ఉంది. పిక్క పట్టింది నీరు అయిపోయి కాదు, తొందరగా తీయడం వల్ల. కొత్త లెక్క 57. ఒకేసారి కాదు, వచ్చేసారి 57.5, తట్టుకుంటే ఆపైన 57. గుడ్డు తెల్లసొన రోజూ రెండు తినమంది. చేప తినవచ్చంది, పచ్చి చేప. ఆ చివరి మాట అంటూ ఆమె అత్త వైపు చూసింది. అంటే అత్తకి నెత్తళ్ళ సంగతి ఎప్పుడో తెలుసు.

మావయ్య చాలాసేపు మాట్లాడలేదు. టోటో పురీగేటు దాటాక అన్నాడు. "కార్ఖానాలో కూడా అంతేరా. వాగన్ తుప్పు తింటాది, ప్లేటు మారుస్తాం, పాత అంకె అలాగే ఉంచితే ఊరుకోరు. మళ్ళీ తూసి, పాతది సెరిపి, మళ్ళీ రాయాల."

"ఎవరు రాసేవారు?"

"పెయింటర్ ఉండేవాడు. మనోడే. సక్కటి సేత."

సాయంత్రం చీకటి పడుతుండగా అత్త పెన్సిలు పక్కన పెట్టి ఎర్రసిరా కలం వెతికింది. దొరకలేదు. పెన్సిలుతోనే 58ని అడ్డంగా కొట్టేసి, పక్కన 57.5 రాసి, సున్నా చుట్టింది. చుట్టి, కాస్త వెనక్కి జరిగి చూసి, సున్నా మళ్ళీ దిద్దింది. తర్వాత బియ్యం డబ్బా వెనక చెయ్యి పెట్టి ఆవకాయ సీసా తీసి, నా సంచిలో పెట్టింది.

రాత్రి భోజనం అయ్యాక మావయ్య గోడకి దిళ్ళు పేర్చుకోలేదు. రెండు దిళ్ళు తల కింద పెట్టుకుని వెనక్కి వాలాడు. కాసేపు పైకప్పు వైపు చూస్తూ ఊపిరి తీసి వదిలాడు, లోపల చిటపట వింటున్నవాడిలాగ. ఎక్కడో గూడ్సు బండి కూత పెట్టింది. ఆయన మూడో దిండు అందుకుని, తలతిప్పకుండా నా వైపు విసిరాడు.